ప్యారిస్‌లో జనం పెద్దగా వెళ్ళని ఆర్ట్ మ్యూజియంలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్ళుగా ప్యారిస్‌లో ఉంటున్నాను. వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి చుట్టాలు, జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న పిల్లలు, అమెరికా నుంచి ఇండియా వెళ్తూ దారిలో రెండు రోజులు ఆగే పాత క్లాస్‌మేట్లు. ఐఫిల్ టవర్, లూవ్ర్, ఒక పూట డిస్నీల్యాండ్ అని లిస్టు రాసుకునే వస్తారు. అందులో ఒక్క పూట ఖాళీ పెట్టుకోండి, నేను చెప్పిన చోటికి వెళ్ళండి అని నేను అందరినీ బతిమాలుతుంటాను. అప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవన్నీ ఒకచోట పెట్టి, నాకు తెలిసినంతవరకూ జవాబులు రాస్తున్నాను.

ప్యారిస్ దాకా వచ్చి లూవ్ర్ చూడకుండా చిన్న మ్యూజియంలకి ఎందుకు వెళ్ళాలి?

లూవ్ర్ మానేయమని నేను ఎవరికీ చెప్పను. తప్పకుండా చూడండి. కాకపోతే అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలుసుకోండి. మోనాలిసా గదిలో మీ ముందు వందమంది చేతులెత్తి ఫోన్లు పట్టుకుని ఉంటారు. మీ వంతు వచ్చేసరికి, కదలండి కదలండి అంటారు. తిరుపతిలో గర్భగుడి ముందు దొరికే ఆ రెండు క్షణాల్లాగే ఉంటుంది. దర్శనానికి అది చాలుతుంది, బొమ్మ చూడటానికి చాలదు.

బొమ్మ చూడాలంటే దాని ముందు కాసేపు నిలబడాలి. దగ్గరికి వెళ్ళాలి, వెనక్కి రావాలి, పక్క గదిలోకి వెళ్ళి మళ్ళీ రావాలి. ఆ తీరిక ఈ చిన్న మ్యూజియంలలో దొరుకుతుంది. ఇంకో సంగతి, వీటిలో చాలావరకు ఒకప్పుడు మనుషులు కాపురమున్న ఇళ్ళు. గీసిన మనిషి ఏ కిటికీ వెలుతురులో కూర్చుని గీశాడో ఆ కిటికీ పక్కనే నిలబడి ఆ బొమ్మ చూస్తారు.

ఒక్కటే చూసే టైముంది. ఏది చూడమంటారు?

గుస్తావ్ మోరో మ్యూజియం. ఎవరు అడిగినా నా జవాబు ఇదే.

తొమ్మిదో వార్డులో, లా రోష్‌ఫుకో వీధిలో 14వ నంబరు ఇల్లు. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లే. పెయింటర్ మోరో అమ్మానాన్నలతో కలిసి ఉన్న ఇల్లు అది. పెళ్ళి చేసుకోలేదు. తను పోయాక బొమ్మలన్నీ చెల్లాచెదురైపోతాయని ఆయనకి బెంగ. అందుకని బతికుండగానే, 1895 ప్రాంతంలో, పై అంతస్తులు పడగొట్టించి పెద్ద పెద్ద హాళ్ళు కట్టించాడు. 1898లో చనిపోయాడు. 1903లో మ్యూజియం తెరిచారు. ఆయన దగ్గర చదువుకున్న పెయింటర్ రువో మొదటి క్యూరేటర్. మతీస్ కూడా ఆయన శిష్యుడే.

మొదటి అంతస్తులో ఇరుకైన గదులు, ఇంట్లోవాళ్ళ సామాన్లు. అక్కడ ఎక్కువసేపు ఆగకండి. రెండో అంతస్తులోకి అడుగుపెట్టగానే గోడ కనపడదు, కింద నుంచి పైకప్పు దాకా బొమ్మలే. హాలు మధ్యలో మూడో అంతస్తుకి మెలికలు తిరుగుతూ పోయే మెట్లు. ఫొటోలన్నీ ఆ మెట్లవే. నన్నడిగితే అసలు సంగతి కిటికీల కింద ఉంటుంది. అక్కడ చెక్క బీరువాలు ఉంటాయి. వాటి తలుపులు తీస్తే లోపల అద్దాల ఫ్రేములు కీళ్ళకి బిగించి ఉంటాయి, పుస్తకం పేజీల్లా ఒక్కొక్కటీ తిప్పుకుంటూ చూడొచ్చు. వాటినిండా మోరో వేసిన డ్రాయింగులు. ఒక చెయ్యి. అదే చెయ్యి ఇంకోలా. మళ్ళీ అదే చెయ్యి, ఈసారి వేళ్ళు మాత్రమే. పైన గోడ మీదున్న పెద్ద బొమ్మలో గోరంత కనిపించే ఆ చెయ్యి కోసం ఇక్కడ ఇన్ని కాగితాలు ఖర్చు చేశాడు. మొదటిసారి నేను ఒక్క బీరువా దగ్గరే ముప్పావుగంట కూర్చుండిపోయాను.

మూడో అంతస్తులో ‘జూపిటర్, సెమెలె’ అనే బొమ్మ ఉంది, రెండు మీటర్ల పైన ఎత్తు. గ్రీకు కథ ఏమిటంటే, దేవుడిని ప్రేమించిన సెమెలె నీ అసలు రూపం చూపించమని పట్టుబడుతుంది. అతను చూపిస్తాడు. ఆ తేజస్సుకి ఆమె కాలిపోతుంది. మనకి ఈ కథ వినగానే విశ్వరూపం గుర్తొస్తుంది. అర్జునుడికి ముందు దివ్యదృష్టి ఇచ్చి తర్వాత చూపించాడు కృష్ణుడు, సెమెలెకి ఆ కళ్ళు ఎవరూ ఇవ్వలేదు. బొమ్మలో దేవుడి చుట్టూ ఆభరణాలు, పువ్వులు, రెక్కలు, చిన్న చిన్న ముఖాలు ఎక్కడా సందులేకుండా నిండిపోయి ఉంటాయి.

‘అలెగ్జాండర్ విజయం’ కూడా వెతికి చూడండి. పురుషోత్తముడు ఓడిపోయాక అలెగ్జాండర్ కొలువు తీరిన దృశ్యం. వెనకాల మన దేశపు కట్టడాల్లాంటివి కొండల్లా లేచి ఉంటాయి. మోరో ఎన్నడూ ఇండియా రాలేదు. పుస్తకాలు, ఫొటోలు, మొగలుల కాలం నాటి చిన్న చిత్రాలు చూసి ఊహించుకున్న భారతదేశం అది.

అమరావతి శిల్పాలు ప్యారిస్‌లో ఉన్నాయట, నిజమేనా?

నిజమే. గిమే మ్యూజియంలో ఉన్నాయి. లియాన్ నగరానికి చెందిన ఎమీల్ గిమే అనే పరిశ్రమల యజమాని ఆసియా తిరిగి సేకరించిన వస్తువులతో మొదలైంది, 1889లో ప్యారిస్‌లో తెరిచారు. ఆసియా కళకి యూరప్‌లో ఉన్న పెద్ద మ్యూజియంలలో ఇదొకటి. అయినా ఐఫిల్ టవర్‌కి ఇంత దగ్గరలో ఉండి కూడా మన టూరిస్టులు ఇటు రారు.

లోపలికి వెళ్ళగానే కాంబోడియా శిల్పాలు ఆపేస్తాయి, ఆగండి, అవి అంత గొప్పవి. తర్వాత ఇండియా గదుల వైపు వెళ్ళండి. చోళుల కాలపు కంచు నటరాజు ఉన్నాడు. అమరావతి శైలిలో చెక్కిన రాతి పలకలు ఉన్నాయి. మారుడు తన సేనతో బుద్ధుడి మీద దండెత్తి వచ్చే ఘట్టం ఉన్న పలక ముందు నిలబడండి. అందులో బుద్ధుడు ఉండడు. ఖాళీ ఆసనం మాత్రమే ఉంటుంది. చుట్టూ అంత కోలాహలం, మధ్యలో ఎవరూ కూర్చోని ఆ పీఠం. బుద్ధుడిని మనిషి రూపంలో చూపించకుండా గుర్తులతో చెప్పే పద్ధతి అది.

మా అమ్మది సత్తెనపల్లి. అమరావతి వాళ్ళకి పక్కూరి కిందే లెక్క. ఆమెని తీసుకెళ్ళిన రోజు పలక కింద చీటీ ఫ్రెంచిలో ఉంటే నేను చదివి చెప్పబోయాను. ఆమె వినలేదు. రాయినే చూస్తోంది. ఆ తెల్లటి, కొంచెం ఆకుపచ్చ కలిసిన రంగు. "ఇది మన పల్నాటి రాయే కదమ్మా, ఇంత దూరం ఎట్టా తెచ్చారు?" అంది. మనం పాలరాయి అని పిలిచేస్తాం గానీ అది సున్నపురాయి, కృష్ణ ఒడ్డున దొరికేది. అమ్మ అక్కడి నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది. నాకు కూడా ఆ రోజు ఫ్రాన్సులో ఉన్నట్టు అనిపించలేదు.

అమరావతి స్తూపం శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. గిమేలో ఉన్నవి వాటితో పోలిస్తే కొద్దివే. అయినా ప్యారిస్ వచ్చే తెలుగువాళ్ళెవరైనా వాటిని చూడకుండా వెళ్ళిపోతే నాకు బాధగా ఉంటుంది.

మన తెలుగు కళాకారులకి ఈ మ్యూజియంలతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. కృష్ణారెడ్డి గారి పేరు మనలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. లండన్ మీదుగా ప్యారిస్ వచ్చి ఇక్కడ ఒసిప్ జాద్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత హేటర్ అనే కళాకారుడు నడిపిన ‘అతెలియె 17’ అనే ప్రింట్ల (రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసే బొమ్మల) వర్క్‌షాపులో చేరి, దానికి సహ డైరెక్టర్ అయ్యారు.

ఆ వర్క్‌షాపులో ఆయన చేసిన పని ప్రపంచం మొత్తం నేర్చుకుంది. అంతకుముందు ప్రింటులో ఒక్కో రంగుకి ఒక్కో రేకు కావాలి. ఒకే రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి వేసే పద్ధతిని ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ కనిపెట్టారు. సూత్రం మన వంటింటిదే, ఒక సిరా పల్చగా, ఒకటి చిక్కగా కలుపుతారు. నూనె పాళ్ళు వేరు కాబట్టి అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. రేకుని లోతుగా, పైపైగా చెక్కుతారు. మెత్తటి రోలర్ గుంటల్లోకి దిగుతుంది, గట్టి రోలర్ పైనే పోతుంది. శిల్పం నేర్చుకున్న చెయ్యి కాబట్టే రేకుని కూడా శిల్పంలా చెక్కారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డారు, 2018లో కన్నుమూశారు.

ఆయన గురువు జాద్కిన్ ఇల్లే ఇప్పుడు జాద్కిన్ మ్యూజియం. లగ్జెంబర్గ్ తోట వెనక, అసాస్ వీధిలో 100 బిస్. గేటు దాటి సందులోకి వెళ్తే చిన్న తోట, చెట్ల మధ్యలో కంచు శిల్పాలు, ఆ వెనక తెల్లటి గదులు. 1928 నుంచి 1967లో పోయేదాకా జాద్కిన్ అక్కడే ఉన్నాడు. ఆయన భార్య వాలెంటీన్ ప్రాక్స్ కూడా పెయింటరే. ఆమె రాసిచ్చిన ఆస్తితోనే 1982లో మ్యూజియం తెరిచారు. జాద్కిన్ చెక్క శిల్పాలు చూసేటప్పుడు చెట్టు మాను ఆకారం ఎక్కడ ఆగిపోయి మనిషి ఎక్కడ మొదలయ్యాడో వెతకండి. చాలా వాటిలో ఆ గీత దొరకదు. కొమ్మ ఎటు వంగితే ఆ మనిషి నడుమూ అటే వంగుతుంది.

అరగంటలో చూసేయొచ్చు. నేను మాత్రం తోటలో బెంచీ మీద కూర్చోవడానికే వెళ్తుంటాను.

మోనే బొమ్మలు తీరిగ్గా ఎక్కడ చూడొచ్చు?

మార్మొతాన్ మోనే మ్యూజియంలో. పదహారో వార్డు, మెట్రో లా మ్యూయెత్. మోనే కొడుకు మిషెల్ 1966లో చనిపోతూ తండ్రి బొమ్మలన్నీ దీనికి రాసిచ్చాడు. ప్రపంచంలో మోనే బొమ్మలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

‘ఇంప్రెషన్, సూర్యోదయం’ అనే బొమ్మ ఇక్కడిదే. 1872లో ల హావ్ర్ రేవు. 1874లో దాన్ని ప్రదర్శించినప్పుడు లూయీ లెరువా అనే విమర్శకుడు ఎగతాళిగా ఆ పేరు పట్టుకుని రాశాడు, ఇంప్రెషనిజం అనే పేరు అలా నిలబడిపోయింది. బొమ్మ చాలా చిన్నది, మన ఇంట్లో గోడకి పెట్టుకునే క్యాలెండరంత. మంచు, నీళ్ళు, పడవలు అన్నీ బూడిదరంగు నీలంలో ఉంటాయి. మధ్యలో నారింజ రంగు సూర్యుడు, నీళ్ళలో నాలుగైదు గీతలుగా వాడి నీడ. ఇక్కడ ఒక పని చెయ్యండి. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! ఆ నారింజకీ చుట్టూ ఉన్న ఆకాశానికీ వెలుగులో తేడా లేదు, రంగులోనే తేడా. కంటికి సూర్యుడు అలా వణుకుతున్నట్టు కనపడటానికి కారణం అదే. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళప్పుడు ఇది చూపిస్తే, మ్యూజియంలో ఉన్న ప్రతి బొమ్మకీ అలాగే చేసి చూశాడు.

1985లో పట్టపగలు తుపాకులతో వచ్చి దొంగలు ఈ బొమ్మతో సహా తొమ్మిది బొమ్మలు ఎత్తుకుపోయారు. ఐదేళ్ళ తర్వాత కోర్సికా ద్వీపంలో దొరికాయి.

కింద, నేలమాళిగలో, తామర కొలనుల బొమ్మలు, జపాన్ వంతెన బొమ్మలు ఉంటాయి. కొన్నిటిలో ఆకుపచ్చ పోయి ఎర్రటి, ఇటుకరంగు ముద్దలు కనిపిస్తాయి. మోనేకి కళ్ళలో శుక్లాలు వచ్చాయి, 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. శుక్లాల ఆపరేషన్ అయిన మన ఇంట్లో పెద్దవాళ్ళని ఈ గదిలోకి తీసుకొస్తే, గైడ్ చెప్పలేని మాటలు వాళ్ళే చెప్తారు. మా మామయ్యగారు "నాకూ అంతా ఇలా పసుపు ఎరుపుగానే ఉండేదమ్మా" అన్నారు.

బెర్త్ మొరిసో బొమ్మలు కూడా ఇక్కడ బాగా ఉన్నాయి. ఇంప్రెషనిస్టుల్లో ఆమె పేరు చివర్లో చెప్తారు, నాకైతే మొదట చెప్పాలనిపిస్తుంది.

ఒక జాగ్రత్త: సూర్యోదయం బొమ్మ అప్పుడప్పుడు వేరే ఊళ్ళ ప్రదర్శనలకి వెళ్తుంటుంది. దాని కోసమే వెళ్తున్నట్టయితే ముందు వెబ్‌సైట్ చూసుకోండి.

మన సాలార్‌జంగ్ లాంటిది ఏమైనా ఉందా?

ఒక్క మనిషి ఇష్టపడి కొన్న వస్తువులతో నిండిన భవనం అంటారా, ఉన్నాయి. రెండు చెప్తాను.

ఒకటి హౌస్మాన్ బులెవార్‌లో జాక్‌మార్ ఆంద్రే. ఎదువార్ ఆంద్రే బ్యాంకర్ల కుటుంబం. నెలీ జాక్‌మార్ పెయింటర్. 1872లో ఆమె ఆయన బొమ్మ గీసింది, 1881లో పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు. ఇటలీ తిరిగి బొమ్మలు కొనడమే ఇద్దరి జీవితం. ఆమె పోయాక 1913లో తెరిచారు. మెట్ల దగ్గర పైకి చూడండి, తియెపోలో వేసిన కుడ్యచిత్రం ఇటలీలో ఒక భవనం గోడ నుంచి తీసుకొచ్చి ఇక్కడ అమర్చారు. పై అంతస్తులో ఉచ్చెల్లో గీసిన ‘డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జ్’ చిన్న బొమ్మ, పిల్లలకి బాగా నచ్చుతుంది. టికెట్ ఖరీదు ఎక్కువే.

రెండోది నిసిమ్ ద కమోందో. ఇక్కడ ఉన్నవి ఎక్కువగా 18వ శతాబ్దపు కుర్చీలు, బల్లలు, పింగాణీ. వస్తువుల కంటే ఆ ఇంటి కథ నన్ను వదల్లేదు. మొయీజ్ ద కమోందో ఇస్తాంబుల్ నుంచి వచ్చిన యూదు బ్యాంకర్. కొడుకు నిసిమ్ పైలట్, 1917లో యుద్ధంలో విమానంలోనే చనిపోయాడు. ఇల్లూ అందులోని ప్రతి వస్తువూ కొడుకు పేరు మీద, ఏదీ కదల్చకూడదనే షరతుతో తండ్రి అలంకార కళల మ్యూజియం సంస్థకి రాసిచ్చి 1935లో పోయాడు. ఆ తర్వాత ఆయన కూతురు బెయత్రీస్‌ని, ఆమె భర్తని, ఇద్దరు పిల్లలని ఆష్విట్జ్‌లోని నాజీల మరణ శిబిరానికి పంపారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఇంటి కింద వంటగది ఉంది, పెద్ద ఇనప పొయ్యి, మిలమిలలాడే రాగి గిన్నెలు వరసగా. ఎవరో ఇప్పుడే వచ్చి వంట మొదలుపెడతారన్నట్టుంటుంది. ఆ వంటగదిలో నేను ఎక్కువసేపు ఉండలేకపోయాను. 2024లో దీన్ని మరమ్మతుల కోసం మూశారు, కాబట్టి తెరిచి ఉందో లేదో చూసుకుని బయల్దేరండి.

టికెట్ లేకుండా చూడగలిగేవి ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఈ ఊరి గొప్పతనం ఇదే. ప్యారిస్ నగరపాలక సంస్థ నడిపే మ్యూజియంలలో దాదాపు అన్నిటిలోనూ శాశ్వత సేకరణ చూడటానికి ఏడాది పొడుగునా డబ్బు కట్టక్కర్లేదు. ఎవరికైనా సరే, ఏ దేశం వాళ్ళయినా సరే. ప్రత్యేక ప్రదర్శన ఏదైనా నడుస్తుంటే దానికి మాత్రం టికెట్ ఉంటుంది. జాద్కిన్‌లాంటి చిన్న చోట్ల ప్రదర్శన ఉన్నప్పుడు మొత్తానికే టికెట్ పెట్టొచ్చు.

వీటిలో నాకు బాగా ఇష్టమైనది మోంపార్నాస్ వెనక ఉన్న బూర్దెల్ మ్యూజియం. బూర్దెల్ పదిహేనేళ్ళు రోదాఁ దగ్గర సహాయకుడిగా పనిచేసిన శిల్పి. ఒక హాలు నిండా ప్లాస్టర్ శిల్పాలు, పైకి తలెత్తి చూడాల్సినంత పెద్దవి. ఆయన పనిచేసిన గది, పాత చెక్క నేలతో సహా అలాగే ఉంచారు. 1909 నాటి ‘విల్లు ఎక్కుపెట్టిన హెర్క్యులిస్’ చూడండి. ఒక కాలు బండకి తన్నిపెట్టి విల్లు లాగుతుంటాడు, బాణం ఉండదు, తాడూ ఉండదు. ఆ లాగుడంతా ఒంట్లోనే కనపడుతుంది.

ప్తీ పలే అందరికీ దారిలోనే పడుతుంది, షాంజెలీజే పక్కనే. 1900 నాటి ప్రపంచ ఎగ్జిబిషన్ కోసం కట్టిన భవనం. కూర్బే, సెజాన్, మోనే ఉన్నారు, మధ్యలో తోట ఉంది. గిమేకి ఐదు నిమిషాల నడకలో ప్యారిస్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం, అందులో ద్యుఫీ 1937లో వేసిన ‘విద్యుత్ దేవత’ ఒక హాలు గోడలన్నీ చుట్టి ఉంటుంది, 600 చదరపు మీటర్లు. మోంసో పార్కు పక్కన చెర్నుస్కి మ్యూజియంలో చైనా, జపాన్ వస్తువులు, జపాన్ నుంచి తెచ్చిన పెద్ద కంచు బుద్ధుడు. మరే అనే పేటలో కోన్యాక్ జే మ్యూజియం కూడా ఉంది.

దేశ ప్రభుత్వం నడిపేవి, అంటే గిమే, మోరో, పెయింటర్ దలక్రువా ఇల్లు, మధ్యయుగాల కళ ఉన్న క్లూనీ, నెలలో మొదటి ఆదివారం ఉచితం. ఆ రోజు కొంచెం రద్దీ ఉంటుంది, అయినా లూవ్ర్ రద్దీతో పోలికే లేదు.

దలక్రువా బొమ్మలు చూడటానికి మ్యూజియం కంటే సెయింట్ సుల్పీస్ చర్చికి వెళ్ళమంటాను. లోపలికి వెళ్ళగానే కుడివైపు మొదటి గదిలో, దేవదూతతో కుస్తీ పడుతున్న యాకోబు. ముసలితనంలో ఈ గోడలు వెయ్యడం కోసమే ఆయన 1857లో ఆ చుట్టుపక్కలకి ఇల్లు మారాడు. ఆ ఇల్లే ఇప్పటి మ్యూజియం.

మేం యూరప్‌లో చదువుకుంటున్నాం. మాకేమైనా తగ్గింపు ఉందా?

తగ్గింపు కాదు, పూర్తిగా ఉచితం. మీ వయసు 26 లోపు ఉండి, ఏదైనా యూరోపియన్ యూనియన్ దేశంలో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉంటే, ఫ్రెంచి జాతీయ మ్యూజియంలలోకి టికెట్ లేకుండా వెళ్ళొచ్చు. ఇండియన్ పాస్‌పోర్ట్ అయినా పర్వాలేదు. పర్మిట్ కార్డు జేబులో ఉండాలి. జర్మనీ నుంచి వచ్చే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియక డబ్బు కట్టేస్తున్నారు. 18 లోపు పిల్లలకి ఏ దేశం వాళ్ళయినా ఉచితమే. మార్మొతాన్, జాక్‌మార్ ఆంద్రే ఈ లెక్కలోకి రావు, వాటి రూల్స్ వేరు.

ఏ రోజు మూసి ఉంటాయి?

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అమ్మ వచ్చిన మొదటి వారంలోనే, రెండు మెట్రోలు మారి ఒక మ్యూజియం దాకా వెళ్తే తలుపు మూసి ఉంది. సోమవారమని నేను చూసుకోలేదు. వానలో అమ్మని నిలబెట్టానని ఇప్పటికీ బాధే.

గుర్తుపెట్టుకునే తీరు ఇది: నగరపాలక మ్యూజియంలు, మార్మొతాన్, క్లూనీ సోమవారం సెలవు. గిమే, మోరో, దలక్రువా మంగళవారం సెలవు. జాక్‌మార్ ఆంద్రే రోజూ తెరుస్తారు. బుధవారం నుంచి ఆదివారం దాకా పెట్టుకుంటే టెన్షన్ లేదు. జనవరి 1, మే 1, డిసెంబర్ 25 దాదాపు అన్నీ మూసేస్తారు. ఎక్కువ చోట్ల పది నుంచి ఆరు దాకా, లోపలికి రానివ్వడం మాత్రం అరగంట ముప్పావుగంట ముందే ఆపేస్తారు.

ముందే బుక్ చేసుకోవాలా? మ్యూజియం పాస్ కొనాలా?

చిన్న వాటికి చాలావరకు అక్కర్లేదు, నేరుగా వెళ్ళొచ్చు. మార్మొతాన్, జాక్‌మార్ ఆంద్రేలలో పేరున్న ప్రదర్శన నడుస్తుంటే శని, ఆదివారాల్లో బుక్ చేసుకోవడం మంచిది. ప్యారిస్ మ్యూజియం పాస్ రెండు, నాలుగు, ఆరు రోజులకి దొరుకుతుంది. గిమే, మోరో, క్లూనీ అందులో ఉన్నాయి, మార్మొతాన్, జాక్‌మార్ ఆంద్రే లేవు. లూవ్ర్‌కి పాస్ ఉన్నా టైమ్ స్లాట్ విడిగా బుక్ చేసుకోవాలి. రోజుకి మూడు పెద్ద మ్యూజియంలు తిరిగే ఓపిక ఉంటేనే పాస్ గిట్టుబాటు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

మోరో మ్యూజియానికి వద్దు. పై అంతస్తులకి మెట్లెక్కాల్సిందే, మెలికల మెట్లు ఇంకా కష్టం. గిమే, ప్తీ పలే సులువు, లిఫ్టులున్నాయి. జాద్కిన్‌ది చిన్న ఇల్లు, నడక తక్కువ. మ్యూజియం కంటే ఎక్కువ అలసట మెట్రోలో వస్తుంది. పాత స్టేషన్లలో లిఫ్టులు లేవు, లైన్ మారాలంటే చాలా మెట్లు. పెద్దవాళ్ళతో బస్సెక్కండి. ఊరు కూడా కనపడుతుంది.

మెట్రోలో ఎలా తిరగాలి?

నావిగో ఈజీ కార్డు కొని రీఛార్జ్ చేసుకోండి. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో నలుగురు వెళ్తే చెకింగ్‌లో ఫైన్ పడుతుంది. జేబుదొంగలున్నారు, బ్యాగు ముందుకి వేసుకోండి.

నేను చుట్టాలకి చెప్పే ప్లాన్ రెండు లైన్ల మీద నడుస్తుంది. లైన్ 9 మీద కొని దాచుకున్నవాళ్ళ మ్యూజియంలు: లా మ్యూయెత్‌లో దిగితే మార్మొతాన్, యెనాలో గిమే, సెయింట్ ఒగుస్తాఁలో జాక్‌మార్ ఆంద్రే. లైన్ 12 మీద గీసి చెక్కినవాళ్ళ ఇళ్ళు: త్రినితేలో మోరో, మోంపార్నాస్‌లో బూర్దెల్, నోత్ర్ దామ్ దె షాంలో దిగి కాస్త నడిస్తే జాద్కిన్. రోజుకి ఒక లైన్. ఒక లైన్ మీద రెండు చూస్తే చాలు, మూడోదానికి కళ్ళు అలసిపోతాయి.

ఫ్రెంచి రాదు. ఇబ్బందా?

తలుపు దగ్గర "బోంజూర్" అని మొదలుపెట్టండి, తర్వాత ఇంగ్లీష్‌లో మాట్లాడండి. ఆ ఒక్క మాటతో వాళ్ళ ముఖం మారిపోతుంది. చిన్న చోట్ల కొన్ని చీటీలు ఫ్రెంచిలోనే ఉంటాయి, ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకోండి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు చాలాచోట్ల తీసుకోవచ్చు. పెద్ద బ్యాగులు, సూట్‌కేసులు లోపలికి రానివ్వరు, హోటల్లో వదిలి రండి.

భోజనం సంగతి?

ఆకలితో మ్యూజియంకి వెళ్ళకండి, ముఖ్యంగా పిల్లలతో. మరే వైపు ఉంటే రోజియే వీధిలో ఫలాఫెల్ దొరుకుతుంది, శాకాహారులకి బెంగ లేదు. అన్నం, సాంబారు లేకపోతే ఉండలేమనే వాళ్ళకి లా షాపెల్ స్టేషన్ చుట్టుపక్కల శ్రీలంక తమిళుల హోటళ్ళున్నాయి. దోసె, ఇడ్లీ, వడ అన్నీ దొరుకుతాయి.

బొమ్మల గురించి మాకేమీ తెలియదు. వెళ్తే ఏమర్థమవుతుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి గొంతులోనూ కొంచెం మొహమాటం ఉంటుంది. చదువుకుని వెళ్ళక్కర్లేదు. గదిలోకి వెళ్ళాక అన్నీ చూడాలనుకోకండి. ఒక చుట్టు తిరిగి, మిమ్మల్ని ఆపిన ఒక్కదాని దగ్గరికి వెనక్కి రండి. పది నిమిషాలు దాని ముందు ఉండండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ తోచదు. తర్వాత ఒక మూల ఇంతకుముందు చూడనిదేదో కనపడుతుంది.

మా అమ్మ డిగ్రీ చదవలేదు, ఏ గైడూ వినలేదు. ఇండియా వెళ్ళిపోయే ముందు రోజు ఏం చూడాలని ఉందమ్మా అని అడిగితే టవర్ అనలేదు. "ఆ ఖాళీ పీట ఉన్న రాయి ఇంకోసారి చూపించు" అంది. గురువారం పొద్దున పది గంటలకి గిమే తలుపు తీయగానే వెళ్ళాం. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం.